తిరుపతిలో తేనెపట్టుని పెట్టెలోకి మార్పించాం: సర్వీసు ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో మధ్యలో తెలుస్తుంది.

ఇళ్లలో, షెడ్లలో పట్టిన తేనెపట్టుని చంపకుండా చెక్క పెట్టెలోకి మార్చి, కావాలంటే ఆ పెట్టెని మనకే ఇచ్చి, తర్వాత కూడా వచ్చి చూసుకునే ఇద్దరు కుర్రాళ్ల సర్వీసు ఇది. చంద్రగిరి వైపు వాళ్లు. షాపు లేదు, బోర్డు లేదు, ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి, సరదాగా రెండు పెట్టెలతో మొదలుపెట్టింది కాస్తా ఇప్పుడు వాళ్ల ఆదివారాలన్నీ మింగేస్తోంది. పేరూ నంబరూ పెట్టొద్దన్నారు, ఈ సీజన్లో వచ్చే ఫోన్లకే తట్టుకోలేకపోతున్నారట. మరి పేరు లేని రివ్యూ ఎందుకయ్యా అంటే, ఈ పని చేసేవాళ్లు జిల్లాలో ఇంకా ఉన్నారు, మీకు ఎవరు దొరికినా సరే మంచివాళ్లో కాదో దేన్నిబట్టి తేల్చుకోవాలో తెలుస్తుందని. నా లెక్క ఒక్కటే: పట్టు తీసిన రోజు ఎంత బాగా తీశారన్నది సగం సంగతి కూడా కాదు, నెల తర్వాత ఆ ఈగలు పెట్టెలో ఉన్నాయా లేదా అన్నదానికే డబ్బులు.

మాది తుమ్మలగుంట దాటాక కొత్తగా లేచిన ఇళ్ల వరస. మిద్దె మెట్ల కింద పాత కూలర్ డబ్బా ఒకటి పడి ఉంటే దాంట్లో ఈగలు చేరాయి. పిలకాయలు ఆడుకునే చోటు కాబట్టి వదిలేయడానికి లేదు. అంతకుముందు ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్లని అడిగితే స్ప్రే కొట్టి గంటలో ముగించేస్తామన్నారు, రేటు కూడా తక్కువే. కానీ మందు కొడితే చచ్చేది ఈగలే, పెరలు, అంటే అవి కట్టిన మైనపు గదుల పలకలు, అక్కడే ఉంటాయి. చూసుకునేవాళ్లు లేక తేనె కారుతుంది, చీమలొస్తాయి, మైనపు పురుగు పడుతుంది, ఆ విషం కలిసిన తేనెని వేరే పట్టు ఈగలొచ్చి మోసుకుపోతాయి. ఈ సంగతి ఆ కంపెనీ వాళ్లకి తెలియక కాదు, వాళ్ల పని స్ప్రే కొట్టడం వరకే.

ఈ కుర్రాళ్లకి ఫోన్ చేస్తే అడ్రసు కంటే ముందు ఫొటో అడిగారు. "అన్నా, ఒకే ఒక్క పెద్ద పెర బయట వేలాడుతోందా, లేకపోతే లోపల చీకట్లో వరసగా పెరలున్నాయా?" అని. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది. ఎందుకంటే అన్ని తేనెటీగలూ పెట్టెలో ఉండవు. వాటర్ ట్యాంకుల కింద, పెద్ద పెద్ద బిల్డింగుల సన్‌షేడ్ల కింద, శేషాచలం కొండ చరియల్లో ఒకే పెద్ద పెర పెట్టేది కొండతేనెటీగ, దాన్ని పెట్టెలో పెట్టడం ఎవరి తరమూ కాదు, సీజన్ మారితే అదే లేచి వెళ్లిపోతుంది. కంచెల్లో, గుబురు కొమ్మల్లో అరచేతి వెడల్పు పెర పెట్టే చిన్న ఈగ ఇంకోటి, అదీ పెట్టెకి రాదు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో, ఇలా పాత కూలర్ డబ్బాల్లో పక్కపక్కనే పెరలు కట్టేది పుట్టతేనెటీగ, ఈ మూడింట్లో పెట్టెకి వచ్చేది అదొక్కటే. పంజాబ్ వైపు వందల పెట్టెలతో వ్యాపారం చేసేది ఇటాలియన్ ఈగతో, అది బయటి దేశం నుంచి తెచ్చింది, మన గోడల్లో వచ్చి పట్టదు. మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో కొండతేనె పట్టు ఉంటే, దాన్ని కూడా పెట్టెలోకి మారుస్తామని ఇంకెవరో అడ్వాన్స్ తీసుకున్నారు. అలా చెప్పేవాళ్లని ఆ మాట దగ్గరే వదిలేయండి. వీళ్లయితే గమ్మున ఉండండి, జోలికి పోకపోతే అవే పోతాయి, కిటికీలు మాత్రం మూసుకోండి అని చెప్పి ఒక్క రూపాయి తీసుకోలేదు.

వచ్చింది ఫిబ్రవరి చివర్లో. ఇది ముఖ్యం. మన పక్క మామిడి పూత అయిపోతూ, వేప పూతకి ముందుండే రోజులివి. పట్టు బలంగా ఉంటుంది, పుప్పొడి దండిగా వస్తుంటుంది, పిల్లలు పెరుగుతుంటాయి. ఉగాది నాటికి వేప, ఆ వెనకే కానుగ, చింత. పెరలు కోసి కట్టినా మళ్లీ అతికించుకుని కట్టుకునే ఓపిక ఈగలకి ఉండేది ఇప్పుడే. సహజంగా పట్టు రెండుగా విడిపోయేదీ ఈ కాలంలోనే, పాత రాణి సగం ఈగలతో బయటికొచ్చి ఏ కొమ్మకో గుంపుగా వేలాడుతుంది, వేగు ఈగలు వెళ్లి కొత్త చోటు వెతికొచ్చే దాకా కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకట్రెండు రోజులు. అట్లా వేలాడే గుంపుని పెట్టెలోకి దించడం అన్నిటికంటే సులువు, పెరలుండవు, కడుపునిండా తేనె తాగి వచ్చుంటాయి కాబట్టి కోపమూ తక్కువే. జనం ఆ గుంపుని చూసి భయపడి మంటలు పెడుతుంటారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సాయంత్రం నాలుగింటికి వస్తామని ఐదున్నరకి వచ్చారు. అర మార్కు అక్కడ పోయింది. సాయంత్రం పెట్టుకోవడం సరైందే, మేతకి పోయిన ఈగలన్నీ తిరిగొస్తాయి, కానీ ఆలస్యం వల్ల చివరి పని చీకట్లో చేయాల్సి వచ్చింది. దానికీ వాళ్ల దగ్గర ఉపాయముంది, టార్చికి ఎర్ర కాగితం చుట్టారు. తేనెటీగలకి ఎరుపు రంగు కనపడదు, మామూలు లైటు వేస్తే నేరుగా దాని మీదికి వస్తాయి.

పని తీరు బాగుంది, ఇక్కడ కొంచెం వివరంగానే రాస్తా. పొగ డబ్బాలో కొబ్బరి పీచు, పాత గోనె ముక్కలు వేసి అంటించి, రెండు మూడు సార్లు మాత్రమే పొగ వదిలారు. పొగ తగిలితే ఈగలు తేనె తాగడంలో పడతాయి, ఒక ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని రెచ్చగొట్టే వాసన కూడా పొగలో తెలియకుండా పోతుంది. పొగ ఎక్కువైతే పట్టు మొత్తం బెదిరి లేచిపోతుంది, కాబట్టి డబ్బా నిండా మంటేసి ఊదేవాళ్లని చూస్తే అనుమానించండి. కూలర్ డబ్బాని కదిపినప్పుడల్లా లోపల్నుంచి ఉస్స్ మని ఒకేసారి శబ్దం వచ్చేది, మన ఈగలకి ఆ అలవాటు ఉంది, బెదిరించడానికి అలా చేస్తాయి. మా అమ్మ పాము అనుకుని మిద్దె ఎక్కేసింది.

గడ్డి ప్యాడ్ ఊడదీసి, పక్క నుంచి ఒక్కో పెర కోశారు. తేనె ఉన్న భాగం వేరే, పిల్లలున్న భాగం వేరే. తేనె పెరలన్నీ మూతున్న స్టీలు గిన్నెలోకి పోయాయి, ఒక్కటి కూడా పెట్టెలో పెట్టలేదు. పిల్లల పెరల్ని మాత్రం పెట్టెలో వేలాడదీసే చెక్క ఫ్రేము సైజుకి కత్తిరించి, పైభాగం పైకే ఉండేలా చూసి, అరటి నారతో ఫ్రేములకి కట్టారు. పైది కిందికి అయితే గదుల వాలు మారిపోతుంది. నార ఎందుకంటే, పెర అతుక్కున్నాక ఈగలే దాన్ని కొరికి బయట పడేస్తాయి. రబ్బరు బ్యాండ్లు వేసేవాళ్లూ ఉన్నారు, అదీ పనికొస్తుంది. పోతుటీగల గదుల మూతలకి మధ్యలో సూదిమొనంత కన్నం ఉంటుందని చూపించారు, మన ఈగలకే ఉండే గుర్తు అది. అవి ఎక్కువగా కనపడితే పట్టు విడిపోయే ఆలోచనలో ఉన్నట్టట.

ఒక పట్టు దగ్గర వాడిన కత్తిని డెట్టాల్ నీళ్లతో కడిగి ఆరబెట్టి తెచ్చామని చెప్పారు. ఇది చాదస్తం కాదు. 1991-92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో పెట్టెల్లో ఉన్న మన ఈగల్ని ఊడ్చేసింది, పిల్లపురుగులు గదుల్లోనే నీళ్ల తిత్తులై చచ్చిపోతాయి. మందు లేదు. అందుకే కోసిన ప్రతి పెరనీ వెలుతురుకి పట్టి చూశాకే కట్టారు. ఈ ఒక్క పనికే నేను వీళ్లని ఇంకొకరికి రికమెండ్ చేస్తాను.

రాణి దొరకడానికి చాలాసేపు పట్టింది. మిగతావాటి కంటే పొడుగు, నల్లగా ఉంది, వెలుతురు పడగానే ఇంకో పెర వెనక్కి జారుకుంటుంది. దాన్ని చిన్న బోనులోకి తీసుకుని పెట్టెలో వేలాడదీశాక కథ మారిపోయింది. పెట్టె గుమ్మం దగ్గర కొన్ని ఈగలు తోక పైకెత్తి రెక్కలు ఆడించడం మొదలుపెట్టాయి, ఇల్లు ఇదేనని మిగతావాటికి వాసన పంపడం అది, చూస్తుండగానే గోడ మీదున్న గుంపంతా బారులు తీరి లోపలికి నడిచింది. ఇది చూడటానికైనా డబ్బులివ్వొచ్చు.

ఇంకో సంగతి, నేనూహించనిది. పెట్టెని పెరట్లో సపోటా కింద పెట్టమంటే వెంటనే పెట్టనన్నారు. మెట్ల నుంచి అక్కడికి ముప్ఫై అడుగులుంటుందేమో. ఈగలు పాత చోటుని గుర్తుపెట్టుకుంటాయి, దగ్గర్లోకే మారిస్తే మేతకి పోయినవి తిరిగి పాత చోటికే వచ్చి అక్కడే గుంపు కట్టి చచ్చిపోతాయి. మారిస్తే రెండు మూడడుగులు, లేకపోతే రెండు మూడు కిలోమీటర్లు. అందుకని ఆ రాత్రే గుమ్మానికి జాలీ కట్టి రామచంద్రాపురం వైపు తెలిసినవాళ్ల మామిడి తోటకి తీసుకెళ్లి, కొన్ని వారాలు అక్కడ ఉంచి, పెరలు గట్టిపడ్డాక తెచ్చి సపోటా కింద పెట్టారు. దీనికి పెట్రోలు ఖర్చు వేరే అడిగారు, మొదట చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. కానీ చేసిన పని న్యాయమైంది కాబట్టి ఇచ్చేశాం.

చిత్తూరులో మా బావమరిది ఇంట్లో వేరేవాళ్లు చేసిన పని దీనికి సరిగ్గా రివర్స్. తక్కువ రేటు, మధ్యాహ్నం వచ్చారు, తేనె పెరలు కూడా కలిపి పెట్టెలో కుక్కేశారు, పెట్టెని మిద్దె మీద ఎండలో వదిలేసి పోయారు. తేనె కారి చీమలు పట్టి, మూడో రోజుకల్లా ఈగలన్నీ లేచిపోయాయి. వాళ్లకి ఫోన్ చేస్తే "ఈగలు పోతే మేమేం చేస్తాం సామీ" అన్నారంట. పుట్టతేనెటీగకి ఇల్లు వదలడం పెద్ద విషయం కాదు, ఎండ, చీమ, ఆకలి, ఎక్కువగా కదిలించడం, ఏది నచ్చకపోయినా మూటా ముల్లె సర్దేస్తుంది. కాబట్టి పోవని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పోకుండా ఏం చేస్తారో మాత్రం అడగొచ్చు.

వీళ్లు చేసినవి ఇవి: గుమ్మానికి రాణి గేటు పెట్టారు, దాని సందుల్లోంచి కూలి ఈగ దూరుతుంది కానీ రాణి దూరదు. రాణి వెళ్లలేకపోతే పట్టు వెళ్లదు. కొన్ని రోజులకి కాళ్లకి పుప్పొడి ఉండలతో ఈగలు రావడం చూసి, పెరల్లో కొత్త గుడ్లు కూడా చూశాక దాన్ని తీసేశారు. కొంతమంది భయంకొద్దీ ఆ గేటుని నెలల తరబడి ఉంచేస్తారు, పోతుటీగలు బయటికి పోలేక లోపలే చచ్చి గుమ్మం మూసుకుపోతుంది, ఒకవేళ లోపలున్నది కొత్త రాణి అయితే జతకట్టడానికి బయటికి వెళ్లలేదు, గుడ్లు పెట్టలేదు, పట్టు అంతటితో సరి. మొదటి వారం సాయంత్రాలు పంచదార, నీళ్లు సమానంగా కలిపి పెట్టమన్నారు, పగలు పెడితే వేరే ఈగలు దోపిడీకి వస్తాయి. స్టాండు నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, చీమలకి. వాటిలో నీళ్లు ఎండకుండా చూసుకోవడమే మన డ్యూటీ, మార్చి దాటాక మన ఎండకి పొద్దున పోస్తే సాయంత్రానికి సగమయ్యేవి.

ఇక పెట్టె గురించి. నా మిగతా అర మార్కు పోయింది ఇక్కడే. న్యూటన్ పెట్టె అంటారు, ఆపిల్ న్యూటన్ కాదు, వందేళ్ల కిందట దక్షిణాదిలో మన చిన్న ఈగల సైజుకి తగ్గట్టు పెట్టె తయారుచేసిన ఒక పాదిరి పేరు మీద వచ్చింది. కింద పిల్లల గదిలో ఏడు ఫ్రేములు, పైన తేనె గది. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య, ఫ్రేముకీ గోడకీ మధ్య ఈగ దూరేంత సందు లెక్కగా ఉండాలి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కనిపెట్టిన కిటుకు అదే, అక్కడి ఈగలకి 3/8 అంగుళం, మనవి చిన్నవి కాబట్టి కొంచెం తక్కువ. సందు ఎక్కువైతే అడ్డదిడ్డంగా పెర కట్టేస్తాయి, ఫ్రేము బయటికి రాదు. మాకిచ్చిన పెట్టె ఫ్రేముల వరకు కొలత సరిగ్గా ఉంది, మూత మాత్రం పచ్చి చెక్కతో చేసినట్టున్నారు, ఏప్రిల్ ఎండకి వంకర తిరిగి ఒక మూల సందు తెరుచుకుంది. ఇటాలియన్ ఈగలయితే ఇలాంటి సందుల్ని చెట్ల జిగురు తెచ్చి పూడ్చుకుంటాయి, మన ఈగలకి ఆ అలవాటు లేదు. బల్లి దూరింది, మైనపు పురుగు దూరే ప్రమాదమూ ఉంది. ఫొటో పెడితే ఆ వారమే కొత్త మూత తెచ్చి డబ్బులు తీసుకోకుండా మార్చారు, అందుకే ఒక మార్కు పోవాల్సింది అర మార్కుతో సరిపెట్టాను. పెట్టెతో పాటు అమ్మిన ముసుగు మాత్రం కొనకండి. జాలీ తెల్లది, ఎండలో మెరుస్తుంది, పెరలో గుడ్డు కాదు కదా ఈగ కూడా సరిగ్గా కనపడదు. నల్ల జాలీ ఉన్నది కొనుక్కోండి, మెడ దగ్గర ఎలాస్టిక్ బిగువుగా ఉందో లేదో చూసుకోండి.

రేటు: మార్చినందుకు రెండున్నర వేలు, పెట్టె, స్టాండు కలిపి ఇంకో మూడు వేల పైచిల్లర, పెట్రోలు వేరే. పెట్టె వద్దు, ఈగల్ని మీరే తీసుకెళ్లండి అంటే మార్చినందుకు మాత్రమే తీసుకుంటారు. గోడ పగలగొట్టాల్సి వస్తే మేస్త్రీ ఖర్చు మనదే. బిల్లు ఇవ్వరు, అడిగితే నవ్వుతారు.

తేనె కోసం అయితే ఈ పని పెట్టుకోకండి, ఈ డబ్బులతో చాలా సీసాలు కొనుక్కోవచ్చు. పుట్టతేనె పెట్టె బాగా సాగితే ఏడాదికి మూడు నుంచి ఐదు కిలోలు, మొదటి ఏడాది అదీ ఆశపడొద్దని వాళ్లే ముందు చెప్పారు. కోసిన రోజు గిన్నెలో పడ్డ తేనె మాకే ఇచ్చారు, పలచగా, కొంచెం పులుపుగా, భలే రుచి. కానీ అన్ని గదులకీ ఇంకా మూతలు పడలేదు కాబట్టి తేమ ఎక్కువ, నిల్వ ఉంచితే పొంగుతుంది, త్వరగా తినేయండి అన్నారు. ఏడాది లోపు పిల్లలకి మాత్రం ఏ తేనె అయినా నాకించకండి, మన ఇళ్లలో పుట్టగానే నాకించే అలవాటుంది, డాక్టర్లు వద్దంటారు.

మా పెట్టె ఎండాకాలం గట్టెక్కింది. ఈగలు పిల్లల గదిని 34, 35 డిగ్రీల దగ్గర ఉంచుకుంటాయి, బయట నలభై దాటినప్పుడు నీళ్లు తెచ్చి లోపల చల్లి రెక్కలతో విసురుకుంటాయి. అందుకని పక్కన మట్టి మూకుడులో నీళ్లు, అవి మునిగిపోకుండా గులకరాళ్లు, మూత మీద తడి గోనెపట్టా. ఏప్రిల్లో కుర్రాళ్లు ఫోన్ చేయకుండానే వచ్చి ఒకసారి పెట్టె తెరిచి చూసి, ఈగలు గదులు కట్టడం మొదలుపెట్టాయని చెప్పి పోయారు. పసరిక పిట్టలు కరెంటు తీగ మీద కూర్చుని రోజూ కొన్ని ఈగల్ని పట్టుకుపోతుంటాయి, దానికేం చేయలేం, అవీ బతకాలి. సపోటా సంగతి చెప్పలేను కానీ పక్కింటి రెడ్డమ్మత్త వాళ్ల సొరపాదు ఈసారి బాగా కాసింది, ఆమె అయితే ఈగల వల్లేనని వీధంతా చెబుతోంది.

కుట్టడం? కుడతాయి. ముల్లు దిగితే వెంటనే గోరుతో పక్కకి గీకేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ విషం సంచిలో మిగిలింది కూడా దిగుతుంది. మామూలు వాపు అయితే టెన్షన్ పడక్కర్లేదు. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా ఒక్క నిమిషం ఆగకుండా రుయాకో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికో పరిగెత్తాలి. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు అలా అయ్యుంటే పెట్టె ఇంటి దగ్గర పెట్టుకోనే పెట్టుకోకండి, ఈగల్ని వాళ్లకే ఇచ్చేయండి. ఈ కుర్రాళ్లు ఆ ప్రశ్న అడిగారు, మా బావమరిది ఇంటికి వచ్చినవాళ్లు అడగలేదు.

సొంతంగా నేర్చుకోవాలనుకుంటే ఖాదీ కమిషన్ వాళ్ల హనీ మిషన్ కింద శిక్షణలు ఇస్తుంటారు, తిరుపతిలోనే వ్యవసాయ కళాశాల ఉంది, కీటకశాస్త్రం వాళ్లని అడగండి. అడవిలోకెళ్లి పట్టు తెచ్చుకుందాం అని మాత్రం అనుకోకండి, శేషాచలం అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే కేసు.

వీళ్లనే కాదు, ఎవరిని పిలవాలన్నా మామిడి పూతప్పుడే, జనవరిలోనే చెప్పి పెట్టుకోండి. ఉగాది దాటాక అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. వానాకాలంలో పిలిస్తే వీళ్లయితే రారు, పూత లేనప్పుడు మారిస్తే నిలబడవని. పెట్రోలు ఖర్చు, తర్వాత ఎన్నిసార్లు వచ్చి చూస్తారు అన్నది ముందే మాట్లాడుకోండి. డబ్బులిచ్చే ముందు పెట్టె మూతని వాళ్ల ఎదురుగానే ఒకసారి వేసి, నాలుగు మూలలా వేలు పెట్టి చూసుకోండి.